కాలిన రాయి

వెర్లీన్,
పదిహేడు చలికాలాలు నీ మీద అరిచాను.
మంచు పట్టీకి ఆ చివర, రంగు వలయాల మధ్య నిలబడి
గొంతు చిరిగేలా ఒకటే కేక:
ఊడ్చు, ఊడ్చు, ఇంకా, ఇంకా!
నువ్వు ఒక్కసారీ తలెత్తి నన్ను చూడలేదు.
చూస్తే చెయ్యి సడలుతుంది,
చెయ్యి సడలితే రాయి దారి తప్పుతుంది.

మన ఆటలో రాయి చేరాల్సిన చోటుని ఇల్లంటారు.
"సొంతింట్లో చీపురు ముట్టని పిల్ల
ఊళ్లవాళ్ల ఇళ్లు ఊడ్చి వస్తుంది" అని
మీ బాబా పిండి కలుపుతూ ఉక్రేనియన్‌లో సణిగేది.
విసిరినందుకు నా పేరు పేపర్లో పడేది.
నీ పేరు పడింది రెండేసార్లు, రెండుసార్లూ తప్పే.
"అచ్చుకూటంలో అక్షరాలు అయిపోయుంటాయిలే" అన్నావు.

డాఫిన్ రింకులో మంచు చేసేది మీ నాన్న.
వీపు మీద రాగి డబ్బా, చేతిలో జల్లు గొట్టం,
వెనక్కి వెనక్కి నడుస్తూ
పడ్డ చినుకు పడ్డచోటే పొక్కులా గడ్డకట్టేలా.
అద్దంలాంటి మంచు మీద రాయి పోదు,
పొక్కులు లేచిన మంచే మోస్తుంది.
ఎనిమిదేళ్లకే నీకది తెలుసు.
నాకు నలభై దాటాక తెలిసింది,
అదీ మంచు గురించి కాదు.

వారమంతా ధాన్యం గోదాంలో తూకం చీటీలు రాసేదానివి.
శుక్రవారం సాయంత్రం ఒక్సానా వ్యాను,
నలుగురికి రెండు మంచాల మోటెల్ గది,
హీటరు మీద ఆరే చేతితొడుగుల ముక్కవాసన,
నీ కుడి భుజం మీద గడ్డకట్టిన బఠానీల సంచి.
పొద్దున్నే ఆ బఠానీలే సూపులో వేసేదానివి.
ఛీ అంటూనే తాగేవాళ్లం.

తర్వాత బ్రాండన్.
ప్రావిన్స్ ఫైనల్, ఆఖరి రాయి, నాది.
చెయ్యి వదిలినప్పుడే తెలిసింది, ఇదే అని.
నువ్వూ జోసెట్టూ వంగి, ఊపిరి పొగలు కక్కుతూ,
రెండో గీత దాటించి, అంగుళం అంగుళం దువ్వి
వాళ్ల రాయి పక్కనుంచి జార్చి నడిమధ్యన కూర్చోబెట్టారు.
జనం లేచారు. నేను చీపురు గాల్లోకి ఎగరేశాను.
అది కిందపడేలోపే నువ్వు చెయ్యెత్తావు.

"తగిలింది."
ఏంటి?
"నా చీపురు. రాయికి."
అంపైరు చూడలేదు. కెమెరా లేదు.
పక్కనే ఉన్న జోసెట్ కూడా చూడలేదు.
ఎంత తగిలిందని అడిగింది అవతలి కెప్టెన్.
"పూచికపుల్లంత."
నిర్ణయం ఆమెది. కాసేపు ఆలోచించి తీసేసింది.
నేనైనా తీసేదాన్నే. అనుకుంటాను.

అలా తగిలిన రాయిని కాలిన రాయి అంటాం.
ఇరవై ఏళ్లుగా ఆ మాట వాడుతున్నాను,
మంచులో కాలడమేమిటని ఎప్పుడూ అడగలేదు.

ఇంటిదారి రెండు గంటలు.
వైపర్ల చప్పుడు తప్ప వ్యానులో ఏమీ లేదు.
మినెడోసా దాటాక థర్మోస్ మూత నిండా టీ పోసి
వెనక సీటు నుంచి చెయ్యి చాచావు.
నేను కిటికీ వైపు తిరిగాను.
ఎంత తేడాతో ఓడామో ఇప్పుడు గుర్తులేదు.
మూతలోంచి లేచిన ఆవిరి,
చాలాసేపు అలాగే ఉన్న నీ చెయ్యి, అవి గుర్తున్నాయి.

ఆ తర్వాతా నాలుగేళ్లు ఆడాం. బాగానే ఆడాం.
బ్రాండన్ మాట ఎవరమూ ఎత్తలేదు.
నీ భుజం పోయింది, నా మోకాలు పోయింది,
ఒక్సానా కూతురు మనకంటే గట్టిగా విసరడం నేర్చింది.

ఈ తెల్లవారుజామున రింకు తలుపు తోశాను.
బయట మైనస్ ముప్పై, లోపల ఒక్క దీపం.
నీ వీపు మీద మీ నాన్న డబ్బా,
సొట్టలు కూడా అవే.
వెనక్కి నడుస్తూ నా వైపే వస్తున్నావు, చూడకుండా.
చినుకులు గడ్డకట్టే సన్నని చిటపట.
పిలుద్దామని నోరు తెరిచాను,
నా గొంతుకి ఒక్క మాటే అలవాటు.

బూట్లు విప్పి అంచున నిలబడ్డాను.
సంచిలో థర్మోస్ ఉంది.
ఇంకా నలభై అడుగులుంది నీకు.
తొందరేం లేదు.